ఇంటర్న్‌షిప్ పేపర్లోనా, చానల్లోనా, రేడియోలోనా? విజయవాడ, గుంటూరు విద్యార్థుల కోసం

డిగ్రీ నాలుగో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడేసరికి జర్నలిజం మీద ఇష్టం ఉన్న పిల్లలు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. "పెద్ద పేపర్లో చేయాలా, చానల్లో చేయాలా? దేనికి వాల్యూ ఎక్కువ?" పేరున్న సంస్థ సర్టిఫికెట్ చేతిలో ఉంటే రేపు ఉద్యోగానికి పనికొస్తుందని వాళ్ల ఆలోచన. కొంతవరకు పనికొస్తుంది కూడా. కానీ విజయవాడ పత్రికల డెస్కుల్లో (వార్తలు దిద్ది పేజీలు కట్టే విభాగాల్లో) ఏళ్ల తరబడి పిల్లల కాపీలు, అంటే రాసిచ్చిన వార్తలు, దిద్దిన మీదట నా అభిప్రాయం వేరు. మీరు రాసింది చదివి, దిద్ది, ఎందుకు దిద్దారో చెప్పే మనిషి ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లండి. అది పెద్ద పత్రికైనా, చిన్న పత్రికైనా, రేడియో అయినా సరే.

దిద్దడం అంటే ఏమిటో ఒక నమూనా చూపిస్తాను. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లొచ్చిన ఇంటర్న్ సాధారణంగా ఇలా రాస్తారు: "మిర్చి యార్డు నందు శుక్రవారం ఉదయం రైతులు గిట్టుబాటు ధర కల్పించాలని కోరుతూ పెద్ద ఎత్తున ఆందోళన నిర్వహించడం జరిగింది." పట్టించుకోని చోట ఇది యథాతథంగా పేజీలోకి వెళ్లిపోతుంది, లేదా చెత్తబుట్టలోకి పోతుంది. ఏది జరిగినా మీకు ఒరిగేది లేదు. పట్టించుకునే సబ్ ఎడిటర్ అయితే పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు మొదలుపెడతారు. పెద్ద ఎత్తున అంటే ఎంతమంది? తెచ్చింది తేజ రకమా, 334నా, బాడిగనా? నిన్న క్వింటా ఎంత పలికింది, ఇవాళ ఎంత అడిగారు? అది మేలు రకం ధరా, తాలు కాయ ధరా? ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి? వ్యాపారులు ఏమంటున్నారు, యార్డు కార్యదర్శి ఏమన్నారు? వీటిలో సగానికి మీ దగ్గర సమాధానం ఉండదు. ఫోన్లు చేసి కనుక్కుంటారు. అప్పుడు మొదటి వాక్యం ఇలా మారుతుంది: "రాత్రికి రాత్రే క్వింటాకు వెయ్యి రూపాయలు తగ్గించేశారంటూ తేజ రకం తెచ్చిన రైతులు శుక్రవారం ఉదయం యార్డులో కాటాలు ఆపేశారు." ఇలా ఓ పది కాపీలు మీ కళ్లముందు మారితే తర్వాతిసారి యార్డుకు వెళ్లినప్పుడు ఏం అడగాలో ముందే తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్ నుంచి తెచ్చుకోవాల్సింది ఇదే. ఏ చోటు ఎంచుకోవాలన్నా ఇక్కడి నుంచే చూద్దాం.

తెలుగు దినపత్రిక: డెస్కా, రిపోర్టింగా?

తెలుగు పత్రికలకు విజయవాడ పాత కేంద్రం. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే మొదలయ్యాయి. ప్రజాశక్తి దినపత్రిక కూడా 1981 నుంచి ఈ ఊరిదే. 2014 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఇటు తరలిరావడంతో పత్రికల రాష్ట్ర బ్యూరోలూ ఇక్కడికి వచ్చాయి. అందుకే ఈ ఊళ్లో ఒకే సంస్థలో మూడు రకాల పనులు ఉంటాయి: రాష్ట్ర రాజకీయాలు చూసే బ్యూరో, జిల్లా వార్తలు చూసే రిపోర్టర్లు, పేజీలు తయారుచేసే డెస్క్. ఇంటర్న్‌కి రాష్ట్ర బ్యూరోలో పని దొరికినా అక్కడ చేసేది తక్కువ. సచివాలయం బీట్‌లో (బీట్ అంటే రిపోర్టర్‌కి అప్పగించిన రంగం) ఏళ్ల తరబడి సంపాదించుకున్న పరిచయాల మీద వార్తలు వస్తాయి. రెండు నెలల కోసం వచ్చిన విద్యార్థికి అక్కడ ప్రెస్‌నోట్లు మార్చి రాసే పనే మిగులుతుంది. జిల్లా రిపోర్టింగ్ కానీ, డెస్క్ కానీ అడగండి.

ఈ రెండింటిలో మొదటి ఇంటర్న్‌షిప్‌కి నేను డెస్క్‌కే ఓటేస్తాను. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు (పార్ట్‌టైమ్ విలేకరులు) పంపే వార్తలన్నీ అక్కడికే వస్తాయి. వంద వార్తల్లో ఏది లీడ్ (పేజీలో ప్రధాన వార్త), ఏది సింగిల్ కాలమ్, ఏది పక్కన పడేయాలి అన్నది రోజూ చూస్తారు. శీర్షిక పెట్టడం, రెండు వందల పదాల వార్తను ఎనభైకి కుదించడం, పేరు, ఊరు, వయసు సరిచూడడం ఇక్కడ నేర్చుకున్నంతగా ఇంకెక్కడా నేర్చుకోలేం. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో విడిపోయాక ఏ మండలం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, ఏది కృష్ణాలో ఉంది, ఏది పల్నాడు, ఏది బాపట్ల అన్నది కూడా డెస్క్‌లో కూర్చుంటేనే బాగా ఒంటబడుతుంది.

డెస్క్‌తో చిక్కల్లా వేళలే. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు మొదలైన పని ఎడిషన్ వెళ్లేదాకా, అంటే రాత్రి పదకొండు దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా ఉంటుంది. హాస్టల్లో ఉండే అమ్మాయిలకు గేటు వేళల సమస్య, గుంటూరు నుంచి వచ్చేవాళ్లకు బస్సుల సమస్య. ఇది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఇంటర్న్‌లను ఎనిమిదింటికల్లా పంపే డెస్కులున్నాయి. మొదటి ఎడిషన్ పేజీలు కట్టడం చూసి వెళ్లినా నేర్చుకునేది బోలెడు ఉంటుంది. ఇంటి దగ్గర దించే వాహనం లేకుండా అర్ధరాత్రి దాకా ఉండాల్సిందే అంటే, ఆ చోటు ఎంత పెద్దదైనా వదిలేయమనే చెబుతాను.

రిపోర్టింగ్‌లో ఎండ ఎక్కువ, స్వేచ్ఛ కూడా ఎక్కువ. పొద్దున్నే ఆ రోజు కార్యక్రమాల జాబితా వస్తుంది. గాంధీనగర్ ప్రెస్‌క్లబ్‌లో ప్రెస్‌మీట్, అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా, కార్పొరేషన్ కార్యాలయంలో సమావేశం అంటూ తిరగాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. రెండు నెలలూ ప్రెస్‌మీట్లకే పంపితే మీరు నేర్చుకునేది తక్కువ. సోమవారాలు మాత్రం కలెక్టరేట్‌కు పంపమని అడగండి. అర్జీలు పట్టుకుని దూరం నుంచి వచ్చినవాళ్లు వరుసలో కూర్చుని ఉంటారు. పింఛను ఆగిపోయిన వృద్ధురాలు, సర్వే తప్పుతో పొలం తగ్గిపోయిన రైతు, ఫీజు బకాయితో సర్టిఫికెట్ చేతికి రాని విద్యార్థి. ఒక్కో అర్జీలో ఒక్కో వార్త ఉంటుంది. వాళ్లతో మాట్లాడి, అర్జీ ఫొటో తీసుకుని, సంబంధిత అధికారి వివరణ కూడా తీసుకుని రాస్తే అది మీ సొంత వార్త అవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన సింగ్‌నగర్ ప్రాంతంలో ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. పాత పెద్ద వార్తల ఫాలోఅప్ చేస్తానంటే కాదనే బ్యూరో ఇన్‌చార్జి అరుదు.

డెస్క్‌కైనా రిపోర్టింగ్‌కైనా ముందే చేసుకోవాల్సిన పని ఒకటుంది, తెలుగు టైపింగ్. ఫోన్లో గొంతుతో టైప్ చేయడం మీద ఆధారపడితే డెస్క్‌లో మొదటిరోజే టెన్షన్ పడతారు. కీబోర్డు మీద యూనికోడ్ తెలుగు వేగంగా రావాలి. అను స్క్రిప్ట్ లాంటి పాత ఫాంట్లు వాడే చోట్లూ ఉన్నాయి కాబట్టి అక్కడ ఏ కీబోర్డు వాడతారో ముందే కనుక్కుని పదిహేను రోజులు సాధన చేసి వెళ్లండి.

ఇంగ్లిష్ పత్రిక

ది హిందూ, ది న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్, దక్కన్ క్రానికల్ లాంటి పత్రికలకు విజయవాడ ఎడిషన్లున్నాయి. తెలుగు పత్రికలతో పోలిస్తే ఇక్కడి బ్యూరోలు చిన్నవి. మనుషులు తక్కువ కాబట్టి ఇంటర్న్‌కి పని తొందరగా దొరుకుతుంది. నగరం మీద ఫీచర్లకు చోటుంటుంది, రాసింది బాగుంటే పేరుతో రావడానికీ అవకాశం ఉంటుంది. పగటిపూట పని కావడం ఇంకో సౌకర్యం.

అయితే మీ ఇంగ్లిష్ గురించి మీకు మీరే నిజం చెప్పుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివామన్నంత మాత్రాన ఇంగ్లిష్‌లో వార్త రాయగలమని కాదు. ఒక పని చేయండి. ఇవాళ్టి తెలుగు జిల్లా పేజీలో ఒక వార్త తీసుకుని, ఇంగ్లిష్ పత్రిక చదివేవాళ్ల కోసం మూడు వందల పదాల్లో సొంతంగా రాయండి. మీ లెక్చరర్‌తో కాకుండా, ఇంగ్లిష్ పత్రిక రోజూ చదివే మనిషితో చదివించండి. వాళ్లు రెండో పేరాలోనే ఆగిపోతే ఇంకో ఏడాది సాధన చేసి వెళ్లడం మంచిది. తెలుగు, ఇంగ్లిష్ రెండూ రాయగలిగేవాళ్లకు మన దగ్గర ఎప్పుడూ కొరతే. రెండూ వచ్చినవాళ్లు మొదట తెలుగు డెస్క్‌లో, ఆ తర్వాతి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ బ్యూరోలో చేస్తే బాగుంటుంది.

టీవీ, యూట్యూబ్

పిల్లలు ఎక్కువగా కోరుకునేది ఇదే కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తెలుగు న్యూస్ చానళ్ల ప్రధాన కార్యాలయాలు, స్టూడియోలు, డెస్కులు దాదాపు అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. విజయవాడలో ఉండేది బ్యూరో, అంటే రిపోర్టర్లు, కెమెరామెన్, ఒక వాహనం. యాంకరింగ్, ఎడిటింగ్, స్క్రిప్టు నేర్చుకోవాలని విజయవాడ బ్యూరోలో చేరితే అవేవీ కనిపించవు. రిపోర్టర్ వివరాలు వాట్సాప్‌లో పంపుతారు, స్క్రిప్టు హైదరాబాద్ డెస్క్‌లో తయారవుతుంది. మీ చేతికి చానల్ లోగో ఉన్న మైకు వస్తుంది, బైట్ (కెమెరా ముందు ఎవరైనా చెప్పే రెండు మాటలు) తీసుకురమ్మంటారు. అందులో నేర్చుకునేది లేదని కాదు. స్పాట్‌కి ఎంత వేగంగా చేరాలి, జనంలో దారి ఎలా చేసుకోవాలి, ముప్పై సెకన్లలో విషయం ఎలా చెప్పాలి అన్నవి బాగా వస్తాయి. మాట్లాడటానికి భయపడేవాళ్లకు ఈ రెండు నెలలు ఎంతో మేలు చేస్తాయి. కానీ రాతలో ఎదగాలనుకునేవాళ్లకు ఇది సరైన చోటు కాదు. స్టూడియో పనే కావాలంటే వేసవిలో హైదరాబాద్ వెళ్లే ఏర్పాటు చేసుకోవాలి. అక్కడ ఉండటానికయ్యే ఖర్చు కూడా కలుపుకుని ఇంట్లో మాట్లాడండి.

యూట్యూబ్ చానళ్ల విషయంలో ఒక్కో చానల్‌ను విడిగా చూడాలి. ఇద్దరు ముగ్గురే నడుపుతూ నిజాయతీగా స్థానిక సమస్యలు చూపించేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర షూటింగ్ నుంచి ఎడిటింగ్ దాకా అంతా ఒక్కచోటే నేర్చుకోవచ్చు. చేరేముందు వాళ్ల వీడియోలు ఓ పది చూడండి. ఆరోపణ వచ్చిన మనిషి వివరణ అందులో ఉందా? థంబ్‌నెయిల్ మీద రాసింది లోపల నిజంగా ఉందా? ప్రమాదంలో చనిపోయినవాళ్ల ముఖాలు అలాగే చూపిస్తున్నారా? ఈ మూడింటికీ జవాబు నచ్చకపోతే వదిలేయండి.

ఇక్కడ చట్టం కూడా తెలిసి ఉండాలి. లైంగిక నేరాల బాధితుల పేరు, వాళ్లెవరో తెలిసే వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ మీడియాకు ప్రత్యేకంగా ఆంక్షలు పెట్టింది. ఊరి పేరు, బడి పేరు, తల్లిదండ్రుల ఫొటో ఇచ్చినా అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. వీడియో అప్‌లోడ్ చేసింది మీరైతే, "నేను ఇంటర్న్‌ని" అన్నంత మాత్రాన బాధ్యత తప్పదు. ఈ జాగ్రత్తలు మొదటిరోజే చెప్పే మనిషి ఉంటేనే అక్కడ చేరండి.

ఆకాశవాణి

విద్యార్థులు ఎందుకో దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ప్రాంతీయ వార్తా విభాగం ఇక్కడే ఉంది. రేడియో వార్త చెవికి రాసేది. అంకెలు ఎక్కువైతే వినేవాళ్లు జారిపోతారు, వాక్యం పొడవైతే చదివేవాళ్లకు ఊపిరి అందదు. అక్కడ కొన్నాళ్లు రాస్తే మీ వాక్యం దానంతటదే కుదురుకుంటుంది. ఉచ్చారణ బాగుండి, సంస్థాగతమైన క్రమశిక్షణ ఇబ్బంది అనిపించనివాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ప్రభుత్వ సంస్థ కాబట్టి కాలేజీ నుంచి అధికారిక లేఖ, చాలా ముందుగా దరఖాస్తు తప్పనిసరి. ఏప్రిల్‌లో వెళ్లి మేలో చేరతానంటే కుదరదు. దూరదర్శన్ సప్తగిరి కూడా విజయవాడ నుంచే నడుస్తుంది. దానికీ ఇదే పద్ధతి.

విజయవాడా, గుంటూరా?

గుంటూరు పిల్లలు చాలామంది విజయవాడ వస్తేనే ఇంటర్న్‌షిప్ అనుకుంటారు. రోజూ వెళ్లిరావడానికి రెండున్నర, మూడు గంటలు పోతాయి. గుంటూరులో ఉన్న బీట్లు తక్కువేం కాదు. మిర్చి యార్డు, సర్వజనాసుపత్రి, జిల్లా కోర్టు, పొగాకు, కోల్డ్ స్టోరేజీలు, పక్కనే రాజధాని గ్రామాలు. పైగా విజయవాడ బ్యూరోలో పదిమంది మధ్య ఒకరవుతారు. గుంటూరులో బ్యూరో ఇన్‌చార్జి మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. వ్యవసాయం, మార్కెట్ వార్తల మీద ఆసక్తి ఉంటే గుంటూరే మేలు. ఒక్క విషయం గమనించండి. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఉంటాయి, సాధారణంగా మే రెండో వారం నుంచి దాదాపు నెల రోజులు మూతే. యార్డు మీద పనిచేయాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ పెట్టుకోవాలి.

నాగార్జున విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివేవాళ్లకు రెండు ఊళ్లూ అందుబాటులోనే ఉంటాయి. వాళ్లు డెస్క్ కోసం విజయవాడ, రిపోర్టింగ్ కోసం గుంటూరు చూసుకోవడం తెలివైన పని.

కాలేజీ కాగితాలు, అడిగే పద్ధతి

2020-21లో మారిన డిగ్రీ సిలబస్‌తో మన రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. మీ బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో కాలేజీలో అడిగి తెలుసుకోండి. లాగ్‌బుక్ మీద సంస్థ సంతకం కావాలి కాబట్టి, చేరే ముందే ఆ సంతకం ఎవరు పెడతారో అడగాలి. ఈ తప్పనిసరి వల్లే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పుట్టుకొచ్చారు. క్రెడిట్లు వస్తాయేమో కానీ, ఇంటర్వ్యూలో "ఏం రాశావు?" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

పెద్ద పత్రికల జర్నలిజం స్కూళ్లను ఇంటర్న్‌షిప్‌తో కలపొద్దు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి స్కూళ్లు డిగ్రీ అయ్యాక పరీక్ష పెట్టి తీసుకుని ఉద్యోగానికి తయారుచేసేవి. ఇంటర్న్‌షిప్‌లో మీరు దాచుకున్న వార్తలు ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు పనికొస్తాయి.

అడగడానికి వేళ ముఖ్యం. సాయంత్రం ఆరు నుంచి పది మధ్య ఎడిషన్ ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే విసుక్కోవడం సహజం, పేజీలు నడుస్తుంటాయి. ఉదయం పదకొండున్నర, పన్నెండు మధ్య మెసేజ్ పెట్టండి. "నమస్తే మేడమ్. నేను ఆంధ్ర లయోలా కాలేజీలో బీఏ రెండో సంవత్సరం. మే, జూన్ నెలల్లో మీ జిల్లా డెస్క్‌లో ఇంటర్న్‌గా చేయాలని ఉంది. యూనికోడ్ టైపింగ్ వచ్చు. మా వీధిలో తాగునీటి సమస్య మీద రాసిన వార్త, ఒక ఇంటర్వ్యూ జతచేశాను. రేపు కార్యాలయానికి వచ్చి కలవమంటారా?" ఇంత చాలు. చిన్నప్పటి నుంచి జర్నలిజం అంటే ఎంత ప్రేమో రాయనక్కర్లేదు. జతచేసిన రెండు వార్తలే ఆ మాట చెబుతాయి.

ఆ రెండు వార్తలు లేకపోతే ముందు అవి తయారుచేసుకోండి. సమాచార హక్కు చట్టం విద్యార్థికి చాలా అక్కరకొస్తుంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాలకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మీ కాలేజీ ముందున్న రోడ్డుకు ఎంత ఖర్చుపెట్టారో అడగండి. జనవరిలో దరఖాస్తు పెడితే ఇంటర్న్‌షిప్ అడిగే నాటికి మీ చేతిలో ఎవరి దగ్గరా లేని వార్త ఉంటుంది.

దేనికి ఒప్పుకోకూడదు

ప్రకటనలు తెమ్మనే చోటికి వెళ్లొద్దు. మండలాల్లో కంట్రిబ్యూటర్ల మీద పండగ ప్రకటనల ఒత్తిడి ఎంత ఉంటుందో నాకు తెలుసు. పొద్దున వార్త రాసిన దుకాణదారు దగ్గరికే సాయంత్రం ప్రకటన కోసం వెళ్లాల్సి వస్తుంది. పందొమ్మిదేళ్ల విద్యార్థిని ఆ పనికి పంపడం అన్యాయం. చందాలు కట్టించమనడం కూడా ఇంతే. ప్రెస్ కార్డు ఇస్తాం, కొంత కట్టండి అంటే వెంటనే బయటికి వచ్చేయండి. అక్రిడిటేషన్, అంటే విలేకరులకు ప్రభుత్వ గుర్తింపు, ఇచ్చేది సమాచార, పౌర సంబంధాల శాఖ, అది ఇంటర్న్‌లకు వచ్చేది కాదు. బండి మీద ప్రెస్ అని రాయించుకోవద్దు.

స్టైపెండ్ చాలా చోట్ల ఉండదు. కనీసం బస్సు చార్జీలు, ఫీల్డుకు వెళ్లిన రోజు భోజనం ఖర్చు ఇస్తారా అని అడగడంలో తప్పేమీ లేదు. రెండు చోట్లా నేర్పేవాళ్లు ఉన్నప్పుడు ఖర్చులిచ్చే చోటే ఎంచుకోండి.

చేరాక మొదటి వారంలోనే గమనించండి. మీ కాపీ ఎవరైనా దిద్ది తిరిగి చూపించారా? ఏడు రోజులైనా ఎవరూ చూపించకపోతే మీరే అడగండి: "నా వార్త ఏం మార్చారో ఒక్కసారి చూపిస్తారా?" రెండో వారం కూడా కుదరకపోతే కాలేజీ మెంటర్‌తో మాట్లాడి ఇంకో విభాగానికి మార్పించుకోండి. అడిగితే మార్చేవాళ్లే ఎక్కువ.

మీరు పంపిన కాపీ, అచ్చయిన వార్త రెండూ పక్కపక్కన పెట్టి ఒక ఫైల్లో దాచండి. డెస్క్‌లో రాసినవాటికి పేరు రాదు, ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు తెరుచుకోకపోవచ్చు, కాబట్టి ఆ రోజే పేజీ పీడీఎఫ్ తీసుకోండి. చివరి రోజు సర్టిఫికెట్‌తో పాటు, ఏయే పేజీలకు ఏం పని చేశారో నాలుగు వాక్యాల్లో రాసిన లేఖ కూడా అడగండి. దాని చిత్తు ప్రతి మీరే రాసుకుని వెళ్తే ఇన్‌చార్జి చదివి, అవసరమైన చోట దిద్ది, సంతకం పెట్టిస్తారు.